పాత కచేరిలో కుట్టు మిషను

నిజామాబాదులోని పాత కచేరి చారిత్రక కట్టడమని పోయిన ఏడాది ప్రభుత్వం వారు కనిపెట్టారు. అప్పటిదాకా అది వట్టి బిల్డింగే.

నిజాం కాలంలో అక్కడ తాలూక్‌దారు గారు తీర్పులు చెప్పేవారు. తర్వాత తహశీలు ఆఫీసు వచ్చింది. కప్పు కారి ఫైళ్లు తడుస్తున్నాయని అది లేచిపోయింది. బియ్యం తడిస్తే ఎవరికీ నష్టం లేదు కనుక రేషన్ గోదాము వచ్చింది. బియ్యం ఎలుకలు తిన్నాయని విచారణలో తేలాక, ఎలుకలు తినలేని బ్యాలెట్ డబ్బాలు పెట్టారు. ఆ పిమ్మట చెరుకు రైతుల సభలకు ఇచ్చారు. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీని తెరిపిస్తామని వచ్చిన నాయకుడల్లా ఆ హాలులోనే ప్రమాణం చేశాడు. ప్రతిధ్వని మాత్రం చాలా బాగుందని బోధన్ రైతులు ఒప్పుకున్నారు.

ఇన్ని ఘనకార్యాలు జరుగుతుండగా వరండాలో లిడియా అనే ఆవిడ జాకెట్లు కుడుతూ ఉండేది. భర్త పోయాక మెథడిస్టు చర్చి వాళ్లు ఇప్పించిన మిషను అది. ఆ కట్టడంలో జనానికి పనికొచ్చే పని అదొక్కటే కావడం వల్ల దానికి అనుమతి లేదు.

వారసత్వ పరిరక్షణాధికారి రాజేశ్వర్ గారు పోలీసులతో సహా విచ్చేశారు.

“అమ్మా, ఇది చరిత్ర. ఇందులో జాకెట్లు కుట్టరాదు.”

“క్రిస్మస్ బట్టలున్నయి సార్. పండుగైనంక పోత.”

“చరిత్ర ఆగదమ్మా.”

“గిన్నేండ్లు ఆగింది గద సార్. ఇంకొన్ని దినాలు ఆగదా?”

ఆగలేదు. లిడియాను గేటు బయటికి పంపారు. కట్టడం ఇక మ్యూజియం, లోపలున్న వస్తువులన్నీ దానికే చెందుతాయి కనుక మిషను లోపలే ఉండిపోయింది. నిజానికి వేరే వస్తువులు కూడా లేవు. తాలూక్‌దారు కుర్చీలూ గడియారాలూ మాజీ అధికారుల ఇళ్లలో భద్రంగా ఉన్నాయి. అందుచేత మిషను చుట్టూ ఎర్రతాడు కట్టి, ‘తాలూక్‌దారు కాలం నాటి కుట్టుయంత్రం, తాకరాదు’ అని బోర్డు పెట్టారు.

“సార్, అది నాది,” అని లిడియా బతిమాలింది.

“అది జాతిది,” అన్నారు రాజేశ్వర్ గారు.

“జాతికి కుట్టొస్తదా సార్?”

ఈ ప్రశ్న ఆయన పరిధిలోకి రాదు.

లిడియా ఇంట్లో సూదీదారంతో కుట్టి చూసింది. కళ్లు నీళ్లు కారాయి. పండుగ బట్టలు వేరే టైలర్ల దగ్గరికి పోయాయి. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది. చివరికి ఒకనాడు టికెట్టు కొని లోపలికి వెళ్లి, తాడు దాటి, తన మిషను ముందు కూర్చుంది. సంచిలోంచి సగం కుట్టిన జాకెట్టు తీసి తొక్కడం మొదలుపెట్టింది.

కాపలాదారు అరవబోయేలోగా సందర్శకులు చప్పట్లు కొట్టారు. ఒకావిడ లిడియా చెంప తాకి, “బొమ్మ కాదే, వెచ్చగుంది!” అని కేక వేసింది. సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి రాజేశ్వర్ గారి భుజం తట్టారు.

“జీవం ఉట్టిపడే ప్రదర్శన! ఈ ఆలోచన ఎవరిది?”

“ఎన్నో నిద్రలేని రాత్రుల ఫలితం సార్,” అన్నారు రాజేశ్వర్ గారు వినయంగా.

లిడియా తల ఎత్తలేదు. చంక దగ్గర కుట్టు వంకర పోతే మళ్లీ విప్పాలి.

మరునాడు నవీపేట నుంచి పసుపు రైతు సాయవ్వ టికెట్టు కొని వచ్చింది.

“లిడియక్కా, నా రైక ఏమాయె? ఎల్లుండి పెండ్లున్నది!”

“మెల్లగ మాట్లాడు సాయవ్వా. నేను తాలూక్‌దారు కాలం దాన్ని.”

అప్పటినుంచి ఆడవాళ్లు చేతిసంచులతో బారులు తీరారు. మహిళల్లో చరిత్రాసక్తి అనూహ్యంగా పెరిగిందని నివేదిక వెళ్లింది. రాజేశ్వర్ గారికి రాష్ట్రస్థాయి పురస్కారం వచ్చింది. ప్రదర్శన వస్తువులకు జీతమిచ్చే నిబంధన లేదు కనుక లిడియాకు ఏమీ రాలేదు. తన కుట్టుకూలీతోనే ఆమె బతుకుతోంది. ఆమె మధ్యాహ్నం సద్ది విప్పితే ఫొటోలు తీసుకునేవాళ్లు ఎక్కువ.

మీలాంటి చదువుకున్న కుటుంబాలు ఆదివారాల్లో వస్తాయి. తాడు ఇవతల నిలబడి, ఆ కాలంలో ఆడవాళ్లు ఎంత కష్టపడ్డారో పిల్లలకు గుసగుసగా చెబుతాయి. కొందరికి కళ్లు చెమ్మగిల్లుతాయి. తర్వాత బయటికి వచ్చి కారెక్కుతారు. గేటు పక్కన సుకన్య అనే ఆవిడ చిరిగిన గోనెసంచులు కుడుతుంటుంది. ఆవిడ ఇంకా చారిత్రకం కాలేదు కనుక, కారుకు అడ్డమని హారన్ కొట్టి లేపుతారు.