ఒకే ముహూర్తానికి పదకొండు పెళ్లిళ్లు వాయించిన సూరయ్య

సంగీతంతో పొట్ట నిండదని ఇంకా ఎవరైనా అంటున్నారంటే వాళ్లకి ఇంటర్నెట్ తెలియదన్నమాట! కళాకారులకి మంచి రోజులొచ్చాయి. కమిటీల చుట్టూ తిరగక్కర్లేదు, ఎవరి గుమ్మంలోనూ నిలబడక్కర్లేదు. ఒక కంప్యూటరు, ఒక కెమెరా, గంటకి పదిహేను రూపాయలు ఉంటే చాలు. ఆ పదిహేనూ నాకివ్వాలి. బందరు కోనేరు సెంటరు దగ్గర ఇంటర్నెట్ సెంటరు నాదే.

నమ్మరా? అయితే మొవ్వ సన్నాయి సూరయ్య గారి సంగతి వినండి. ఆయన్ని పైకి తెచ్చింది నేనే. ఆ విషయం ఆయన ఎక్కడా చెప్పుకోరు. అందుకని నేనే రాస్తున్నాను.

రెండేళ్ల కిందటి వరకు ఆయన బతుకు చూస్తే జాలేసేది. పెళ్లివారు తాంబూలం పట్టుకుని ఇంటికి రావాలి. అప్పుడీయన డోలు దైవాధీనాన్ని వెంటబెట్టుకుని బస్సెక్కాలి. మంచి ముహూర్తం వచ్చిందంటే మూడు ఊళ్లవాళ్లు ఆయన అరుగు మీద కూర్చుని మాకంటే మాకని పోట్లాడుకునేవారు. ఎంత కష్టపడినా ముహూర్తానికి ఒక్క పెళ్లే! ఇలాగైతే ఏ వ్యాపారమైనా పెరుగుతుందా?

రెండు వేల ఏడులో ఆయన్ని మా సెంటరుకి తీసుకొచ్చి ఆర్కుట్‌లో చేర్పించాను. నెల తిరక్కుండా రెండొందల నలభై మంది ఫ్యాన్లు! అక్కడ మనిషికి మార్కులు కూడా వేస్తారు, తెలుసుగా? నమ్మకస్తుడని నవ్వుమొహాలు, కూల్ అని ఐసుముక్కలు, అందగాడని ప్రేమ గుర్తులు. అరవై రెండేళ్ల సూరయ్య గారికి ప్రేమ గుర్తులు మూడుకి మూడూ పడ్డాయి. ఆ సంగతి తెలిసి ఆయన భార్య పెద్దింట్లమ్మ గారు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదట. కీర్తి అంటే ఇది కాదూ?

"ఇవి దేనికి పనికొస్తాయండీ?" అని అడిగారాయన, ఐసుముక్కల మీద వేలు పెట్టి.

"ఎక్స్‌పోజర్ సూరయ్య గారూ! ముందు మీరు నలుగురికీ తెలియాలి. డబ్బు దానంతటదే వస్తుంది."

"నేను నలుగురికీ తెలుసు కదండీ. వాళ్లే కదండీ పెళ్లికి పిలిచేది" అన్నారు. పాతకాలం మనిషి, ఏం చేస్తాం!

తర్వాత వీడియో. మా మేడ మీది గదిలో కూర్చోబెట్టి, మంగళస్నానాల నుంచి అప్పగింతల దాకా పెళ్లికి కావాల్సినవన్నీ వాయింపించాను. ముక్కలు చేసి యూట్యూబ్‌లో పెట్టాను. నెట్ లేనివాళ్లు బాధపడకూడదని సీడీలు కూడా రైట్ చేసి అమ్మాను. కవరు మీద ఆయన ఫొటో వేశాను. ఫొటో వేసినందుకు ఆయన దగ్గర ఒక్క పైసా తీసుకోలేదు!

ఇక ఆ మాఘమాసం చూడాలి! గుడివాడలో, ఘంటసాలలో, అవనిగడ్డలో, కోడూరులో, ఒకే రోజు ఒకే ముహూర్తానికి పదకొండు పందిళ్లలో సూరయ్య గారి సన్నాయి మోగింది. ఇంతకుముందు ఏ విద్వాంసుడికైనా ఇది సాధ్యమైందా? ఆ సమయంలో సూరయ్య గారు మొవ్వలో అరుగు మీద పడుకుని ఉన్నారు. ప్రయాణం లేదు, తిండివేళ తప్పడం లేదు, ఊపిరితిత్తులకి పూర్తి విశ్రాంతి. ఆ వయసులో ఇంతకన్నా ఏం కావాలి? అరుగు మీద పోట్లాడుకునేవాళ్లు కూడా రావడం మానేసి ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మా పెద్దమ్మాయి పెళ్లికి నేనూ ఆ సీడీయే పెట్టాను. లోకానికి చెప్పింది మనం పాటించకపోతే ఎలా? పురోహితుడు "గట్టిమేళం! గట్టిమేళం!" అని చెయ్యెత్తేసరికి మీట నొక్కాను. సీడీ గిర్రున తిరిగింది గానీ పలకలేదు. ఆ నిశ్శబ్దంలో మూడుముళ్లు పడుతుండగా మా వియ్యంకుడి అన్నగారు తుమ్మారు. అసలు గట్టిమేళం పెట్టిందే అలాంటి తుమ్ము వినపడకూడదని! రెండోసారి తుమ్మితే దోషం పోయేది. పందిరంతా ఆయన ముక్కు వైపే చూసింది. ఎంత బతిమాలినా రెండో తుమ్ము రాలేదు. పిల్లకి జలుబు చేసినా మా వియ్యపురాలు ఇప్పటికీ ఆ తుమ్ము దగ్గరికే వస్తారు.

అందుకే రెండో అమ్మాయికి సంబంధం కుదరగానే మా ఆవిడ ఇందిర "మీ సీడీ మీరే వినండి. నాకు మనిషి కావాలి" అని తాంబూలం నా చేతిలో పెట్టింది. మొవ్వ వెళ్లాను. "ఆయన నందివాడ దగ్గర ఉద్యోగం చేస్తున్నారండీ" అన్నారు పెద్దింట్లమ్మ గారు. ఉద్యోగం! చూశారా ఇంటర్నెట్ మహిమ!

నందివాడ దాటాక ఒక చేపల చెరువు గట్టు మీద కనిపించారు. తలకి తువ్వాలు, చేతిలో సన్నాయి. కొంగలూ నీటికాకులూ చేపపిల్లల కోసం దిగబోయినప్పుడల్లా గట్టు వెంట పరిగెత్తి ఊదుతున్నారు. పిట్టలు లేచిపోతున్నాయి.

"పిట్టల్ని తోలడానికి రేకు డబ్బా కొట్టమన్నారండీ. నాకు డబ్బా చేతకాదు. అందుకని ఇదే ఊదుతున్నా" అన్నారు ఆయాసపడుతూ. తాంబూలం చూడగానే ఆయన చేతులు రెండూ ముందుకొచ్చాయి. అంతలోనే వెనక్కి తీసుకుని పంచెకి తుడుచుకున్నారు. "బాబు గారు సెలవిస్తారో లేదో అడగాలండీ" అన్నారు. నాకు సిగ్గేసింది. కళాకారుల అభ్యున్నతి గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నవాణ్ని, ఆయన బదులు నేనే వెళ్లి అడిగాను.

చెరువు యజమాని నాగేంద్రబాబు ససేమిరా అన్నాడు.

"ఒక్క పూటేనండీ" అన్నాను.

"ఒక్క పూటలో సగం చేపపిల్లల్ని పిట్టలు తినేస్తాయండీ. కుదరదు."

"పోనీ ఆయన సీడీ ఇస్తాను. ఆ పూటకి మైకులో పెట్టుకోండి. అచ్చం ఆయన ఊదినట్టే ఉంటుంది."

నాగేంద్రబాబు నవ్వాడు. "ముందు పెట్టింది మీ సీడీయేనండీ, బందర్లో కొన్నాను. మొదటి రోజు అన్నీ ఎగిరిపోయాయి. రెండో రోజు కాస్త ఆలోచించాయి. మూడో రోజు మైకు మీదే వాలి చేపలు తిన్నాయి. వెనకాల మనిషి లేడని కనిపెట్టేశాయండీ. పెళ్లివాళ్లయితే సర్దుకుపోతారు గానీ, పిట్టలెందుకు ఊరుకుంటాయి?"