బలూరు గడ్డికి సన్మానం చెయ్యండి!

కలుపును తిట్టేవాళ్లకు బుద్ధి లేదని నా నిశ్చితాభిప్రాయం. మా ఊరి బలూరును చూసి నేర్చుకోండి! చూడటానికి పొడుగాటి అడవి జొన్న. ఎవరి మీదా చెయ్యి చేసుకోదు. వేళ్ల నుంచి, ఆకుల నుంచి కాస్త విషం మట్టిలోకి వదులుతుంది, అంతే! పక్కనున్న పసి మొక్క తలెత్తకముందే వేరు మాడి చస్తుంది. గొడ్డలి లేదు, గొడవ లేదు, పోలీసు కేసు లేదు! ఇంత మర్యాదస్థుడైన హంతకుణ్ణి ఎక్కడైనా చూశారా?

అందుకే మా మేయరు ప్రోదాన్ గారు ఊరి బీడంతా దానికే వదిలేశారు. ఈ మేలో జిల్లా అధికారులు వస్తున్నారని తెలిసి హడావిడిగా కోయించారు. కోసిన గడ్డి ఎక్కడ పారెయ్యాలి? "తేమ నిలవడానికి ఉచిత గడ్డి" అంటూ, పక్కనున్న రుస్కా మిరప మడి మీద ఆమె లేనప్పుడు దగ్గరుండి పరిపించారు. ఫొటో కూడా దిగారు.

రుస్కా మా పక్కింటామె. వాళ్ల అత్తగారు దాచిన విత్తనంలో ఆఖరి పిడికెడుతో పోసిన నారు అది. శరత్కాలంలో మా వీధంతా ఎర్ర మిరపకాయలు కాల్చి పెరళ్లలో పచ్చడి ఉడికిస్తుంది. రుస్కా పచ్చడి రుచి ఆ రకానిదే. ఈ ఏడు కాయకపోతే ఆ రకం ఇక లేనట్టే.

ఆ సాయంత్రమే వాన పడింది. గడ్డి రసం మడిలోకి దిగింది. తెల్లారి ఆమె గడ్డి లాగి పారేసినా, నారు పసుపెక్కి వాలిపోయింది.

రుస్కా మేయరు ఆఫీసుకు పరుగెత్తింది. వెనకే నేనూ వెళ్లాను. మహానుభావుడి మాట వినే భాగ్యం వదులుకుంటానా?

"మేయరు గారూ, మీ గడ్డి నా నారును పొట్టన పెట్టుకుంది. ఆ విత్తనం ఇంకెక్కణ్ణుంచి తెచ్చేది?"

"కోసేసిన గడ్డి ఏం చేస్తుందమ్మా? నారే నోరెత్తలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

ఆహా, ఎంత శాస్త్రీయ దృక్పథం!

రుస్కా తిన్నగా మడి దగ్గరికెళ్లింది. ఆ గడ్డే తోపుడుబండికెత్తి తెచ్చి, ఆఫీసు ముందు మేయరు గారు నాటించిన బంతి నారు మీద గుమ్మరించింది. ఆకాశం మళ్లీ ఉరిమింది.

కిటికీలోంచి కేక వినిపించింది. "ఏయ్, తియ్యి! చినుకు పడిందంటే నా నారంతా చస్తుంది!"

తెలియని మూర్ఖుడు పాపం అని ఇన్నాళ్లూ ఆయన మీద నాకు జాలి ఉండేది. ఆ క్షణంలో అదీ పోయింది.

చినుకు పడకముందే ఆయన గడ్డి ఎత్తించారు, బంతి నారు బతికింది. రుస్కా మడిలో ఒక్క మొక్కా నిలవలేదు. సన్మానానికి దండ తెస్తే బలూరుకే వెయ్యండి. తన విషం ఎవరి వేరును కాలుస్తుందో పాపం దానికి నిజంగానే తెలియదు.