గ్రాహంకు వన్స్ మోర్

శనివారం పొద్దున జనార్దన్ వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం పాసిర్ రిస్‌లో తెలుగువాళ్ల ఉగాది సభ. దానికి మేనేజరు గ్రాహంను పిలిచి, పులిహోర పెట్టి, మనసు కరిగాక, ఈ పరాయిదేశంలో ఉండి పనిచేయనిచ్చే వర్క్ పాస్ పొడిగింపు కాగితం మీద సంతకం అడగాలి. పాస్ నెలాఖరుతో సరి. భార్య ప్రసన్నలక్ష్మికి ఎనిమిదో నెల, విమానం ఎక్కొద్దని డాక్టరమ్మ చెప్పేసింది. ఆఫీసులో డాట్‌కామ్ బుడగ పేలి, వారానికో కుర్చీ ఖాళీ అవుతోంది.

"నిన్న ఆఫీసులోనే అడిగేయకపోయారా?" అంది ప్రసన్నలక్ష్మి.

"నీకు తెలీదు. మనిషిని ముందు మెత్తబరచాలి."

నేరుగా అడగడం మనవాళ్లకు చేతకాదు, ముందు శాలువా కప్పాలి. అందుకు సరుకూ దొరికింది. గ్రాహం కుర్రతనంలో ఇంగ్లండులో 'వెట్ అంబ్రెల్లాస్' అనే బ్యాండు నడిపాడు. అది రెండేళ్లు బతికింది. దాని పాటొకటి అక్కడి పాటల పట్టికలో ముప్పై తొమ్మిదో స్థానం దాకా పాకి, మరుసటి వారమే జారిపడింది. ఈ ముచ్చట జనార్దన్ సభ కార్యదర్శి కృష్ణప్రసాద్ చెవిన వేశాడు. ముఖ్య అతిథి జ్వరమని ఎగ్గొట్టడంతో కృష్ణప్రసాద్‌కు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికల్లా గ్రాహం "బ్రిటన్‌ను ఉర్రూతలూగించిన గాయక సార్వభౌముడు" అయిపోయి, దండ, శాలువాలతో మైకు ముందు నిలబడ్డాడు.

"వన్ సాంగ్ ప్లీజ్ సార్," అన్నాడు కృష్ణప్రసాద్.

గ్రాహం పాడాడు. వానలో ఆఖరి బస్సు తప్పిపోయినవాడి పాట. అయ్యాక ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. తన పాస్ గంగలో కలిసిందని జనార్దన్‌కు భయమేసి, లేచి "వన్స్ మోర్" అని అరిచాడు. చిన్నప్పుడు పద్యనాటకాలు చూసిన జనం, ఆ మాట వింటే ఊరుకుంటారా? హాలంతా అందుకుంది. వెనక వరసల్లో, తువాస్ షిప్‌యార్డులో ఓడల పని చేసే కుర్రాళ్లు ఈలలేశారు. మళ్లీ పాడాడు. మళ్లీ వన్స్ మోర్. మూడోసారికి, ఆ వారమే ఉద్యోగం పోయిన రామారావు ముందు వరసలో వెక్కివెక్కి ఏడ్చాడు. పాట అర్థమై కాదు. అది చూసి గ్రాహమూ ఏడ్చాడు. పాపం, నిజమనుకున్నాడు.

ఆ ఏడుపులో సంతకం ఊసెత్తడానికి సందు దొరకలేదు.

సోమవారం జనార్దన్ కాగితం పట్టుకుని వెళ్లేసరికి గ్రాహం సొరుగులు ఖాళీ చేస్తున్నాడు.

"రాజీనామా ఇచ్చేశాను. ఇంకోసారి పాడమని పదేళ్లుగా ఒక్కరూ అడగలేదు. మీవాళ్లు వదల్లేదు. బ్యాండు మళ్లీ పెడుతున్నాను. అంతా నీ చలవే, జనార్దన్."

"సార్, నా పాస్..."

గ్రాహం ముఖం వాడిపోయింది. "ఇక అది హెడ్డాఫీసు చేతిలో ఉంది. వాళ్లు ఎవరినీ ఉంచరు. ఇన్నాళ్లూ నీ విషయంలో వాళ్లకు అడ్డుపడింది నేనే. శుక్రవారం అడిగినా సంతకం పెట్టేవాణ్ని."

ఇంటి తలుపు తీస్తూనే ప్రసన్నలక్ష్మి, "సంతకం పెట్టాడా?" అంది.

జనార్దన్ సంచిలోంచి గ్రాహం కానుకగా ఇచ్చిన వెట్ అంబ్రెల్లాస్ కేసెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పెట్టాడు. మూడు చోట్ల."