ఇకమీదట బర్రాకీలో ఎముకలు విరగవు

ఇకమీదట బర్రాకీ ఊళ్లో ఏ ముసలమ్మ ఎముకా విరగదని ఆరోగ్యమంత్రి కోలిన్ ప్రూట్ గారు మంగళవారం పదకొండింటికి ప్రకటించారు. మా ఆవిడ మెర్ల్ టీ కెటిల్ ఎత్తబోయి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నది అదే రోజు తొమ్మిదింటికి. కాబట్టి మంత్రిగారి మాట పొల్లుపోలేదు.

ఆస్పత్రిలో చక్కని కట్టు కట్టారు.

"ఎముకలన్నీ గుల్లబారాయి పెద్దాయనా. మందు పడకపోతే ఇంకోటి విరుగుతుంది" అన్నాడు డాక్టరు.

"వెయ్యండి మరి."

"మాది అతికించే డిపార్ట్‌మెంటు. విరక్కుండా చూసేది కొండ క్లినిక్."

కంప్యూటర్లో 'కొండ క్లినిక్‌లో చికిత్స జరుగుతోంది' అని కొట్టాడు.

కొండ క్లినిక్ డాక్టరమ్మ కాగితం చూసి నొసలు చిట్లించింది. "ఇంజెక్షన్ రాశాడా? మేం బిళ్ళల వాళ్లం. సూదులు వంతెన క్లినిక్ వాళ్ల పద్ధతి."

"పోనీ ఆ బిళ్ళలే ఇవ్వు తల్లీ" అంది మెర్ల్.

"వాళ్ల పేషెంటుకి నేనెలా ఇస్తానమ్మా?" అని 'వంతెన క్లినిక్‌లో చికిత్స జరుగుతోంది' అని కొట్టింది.

వంతెన క్లినిక్ కుర్ర డాక్టరుకి సూదులన్నా బిళ్ళలన్నా గిట్టదు. రోజూ పావుగంట ఒంటికాలి మీద నిలబడమన్నాడు.

"పడితేనో?"

"పడితే ఆస్పత్రి చూసుకుంటుంది మామ్మా."

అతనూ కొట్టాడు. 'ఆస్పత్రిలో చికిత్స జరుగుతోంది.'

దారిలో మెర్ల్ అడిగింది. "ఏమయ్యా, ఇంతకీ నాకు మందిస్తున్నదెవరు?"

"ముగ్గురూ" అన్నాను.

ఆర్నెల్లకి లెక్కలు తేలాయి. ఊళ్లో గుల్ల ఎముకల వాళ్లు నలభై ఒక్కరు. మూడు కంప్యూటర్లూ కలిపితే చికిత్సలో ఉన్నవాళ్లు నూట ఇరవైమూడు మంది. నూటికి మూడు వందలు! ఇంత పనిచేసిన మంత్రి ఇంకొకరున్నట్టు నేను వినలేదు.

బౌలింగ్ క్లబ్బులో సభ పెట్టారు. ఆడవాళ్లు తలో పళ్లెం కేకులు తెచ్చారు. ముగ్గురు డాక్టర్లూ వేదిక మీద కూర్చున్నారు. మూడు చోట్లా చికిత్స పొందుతున్న ఆదర్శ రోగిగా మెర్ల్‌ని పిలిచి, మంత్రిగారు ఇత్తడి తొడ ఎముక ఒకటి బహూకరించబోయారు.

"బరువా నాయనా?" అంది మెర్ల్.

"ఎనిమిది కిలోలేనమ్మా. ఫోటోకి కాస్త పైకెత్తండి."

ఎత్తింది. టప్‌మంది. కెమెరా చప్పుడనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"ఏమయ్యా, కుడిది కూడా" అంది మెర్ల్, నావైపు చూసి.

ముగ్గురు డాక్టర్లూ ఒక్కసారే లేచారు. అంత ఐకమత్యం నేనెన్నడూ చూడలేదు. ముగ్గురూ ఫోన్లు తీసి, పక్కవాళ్ల దగ్గర చికిత్స జరుగుతోందని కొట్టి, కూర్చున్నారు.

ఇప్పుడు కెటిల్ నేనే ఎత్తుతున్నాను. మర్నాటి పేపరు మెర్ల్‌కి నేనే పట్టుకుని చూపించాను. మొదటి పేజీలోనే మంత్రిగారు లెక్క సవరించారు. నూట ఇరవైమూడు కాదట, నూట ఇరవయ్యారు.