తిరుగు టపాలో సొమ్ము

"నా కళ్లు కప్పగల నేరస్థుడు ఇంకా పుట్టలేదు బావా!" అని ప్రకటిస్తూ డేగకన్ను రేడియో షాపులోకి వచ్చాడు. వచ్చాడనడం మర్యాద. గడప తట్టుకుని మరమ్మతు బల్ల మీద బోర్లా పడ్డాడు.

డేగకన్ను అనే బిరుదు అతనికి ఎవరూ ఇవ్వలేదు, తనే పుచ్చుకున్నాడు. కళ్లజోడు తీస్తే గోడకీ తలుపుకీ తేడా తెలియదు. ఇంతవరకూ తేల్చిన కేసు ఒక్కటే, పక్కింటి పిల్లి మాయం కావడం. వీధంతా గాలించి, పాలాయన్ని అనుమానించి, ఆయన చేత నానా చీవాట్లూ తిని ఇంటికొస్తే, పిల్లి ఇతగాడి మంచం కిందే పిల్లల్ని పెట్టుకుని హాయిగా పడుకుని ఉంది. దాన్నే ఇప్పటికీ 'నా తొలి విజయం' అంటాడు.

రేడియో మెకానిక్కు నోట్లో నాలుక లేని మనిషి. ఇంటి ముందుగదే షాపు. పాత రేడియోలు బాగుచేసి ఆన్‌లైన్ వేలంలో అమ్ముకుంటాడు. భార్య తమ్ముడు కదా అని డేగకన్నుని భరిస్తాడు తప్ప ఎన్నడూ పిలిచి సలహా అడిగింది లేదు. ఇవాళ అడిగాడంటే పరిస్థితి అంతగా చెయ్యి దాటిందన్నమాట.

"పడింది చాలుగానీ లేచి ఇది చూడు. డబ్బు పంపొద్దు మొర్రో అంటుంటే పంపిస్తున్నారెవరో" అని ఫోను చూపించాడు.

వేలానికి పెట్టింది మామగారి చెక్క రేడియో. మెకానిక్కుకి ఈ పని నేర్పింది ఆయనే. పనితోబాటు ఒక మాట కూడా నేర్పి పోయాడు: 'వినకుండా ఎవరికీ రేడియో అమ్మకు.' అందుకే అల్లుడు ప్రతి ప్రకటనలోనూ రాస్తాడు, ముందుగా డబ్బు పంపకండి, షాపుకొచ్చి వినండి, నచ్చితేనే ఇవ్వండి అని. ఈసారి వేలంపాట గెలిచింది 'శ్రోత' అనే పేరు పెట్టుకున్న మనిషెవరో. గెలిచీ గెలవగానే ఫోన్లో సొమ్ము పంపేశాడు. మెకానిక్కు 'తిరస్కరించు' నొక్కాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కాడు.

"ఆరింటిలోగా తేలకపోతే రేడియో రెండో పాటగాడికి పోతుంది" అన్నాడు మెకానిక్కు. "ఆయనకి కావలసింది చెక్కపెట్టె. లోపలిదంతా పీకేసి చేపల తొట్టి చేసుకుంటాట్ట." ఆ మాట అంటూనే రేడియో మీద చెయ్యి వేసి నిమిరాడు.

"అంత ప్రాణమైతే అమ్మడం దేనికి?"

మెకానిక్కు వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. అత్తగారు అతనితో నేరుగా మాట్లాడదు. ఏం చెప్పాలన్నా కొడుకు చేతో కూతురి చేతో చెప్పిస్తుంది. నెల్లాళ్లుగా సాయంత్రం రేడియో పెట్టడం ఆలస్యం, "ఆ గోల నేను వినలేనే, చెప్పు మీ ఆయనకి" అని వినిపిస్తోంది. పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక గుండె రాయి చేసుకున్నాడు.

డేగకన్నుకి ఇవేవీ చెవికెక్కలేదు. "వద్దంటే మళ్లీ పంపేవాడు మామూలు మనిషా బావా? ఇది అంతర్జాతీయ ముఠా! ఆ రేడియోలో వజ్రాలున్నాయి!"

"నిన్ననే విప్పి తుడిచాను. దుమ్ముంది."

"దుమ్మా? ఏ రంగు దుమ్ము?"

"దుమ్ము రంగే."

ఇంతలో శ్రోత దగ్గర్నుంచి కబురొచ్చింది. 'వినాల్సిన పని లేదు. అదెలా పాడుతుందో నాకు తెలుసు. డబ్బు తీసుకోండి.'

"తెలుసట!" డేగకన్ను ఎగిరి గంతేశాడు. "ఎలా తెలుసు? ఈ గదిలో మైకు పెట్టారు!" అని బల్బు విప్పాడు, గోడ గడియారం విప్పాడు, బావ చొక్కా కూడా విప్పబోయాడు.

మెకానిక్కు అతని చెయ్యి తోసేసి, ఎక్కడుంటారండీ అని శ్రోతని అడిగాడు. 'దూరం కాదు' అని జవాబు.

"దొరికాడు! పక్కనే పొంచి ఉన్నాడు" అన్నాడు డేగకన్ను గుసగుసగా. అతను జన్మలో అన్న ఒకే ఒక్క సరైన మాట అది, కానీ ఆ సంగతి అతనికి తెలియదు.

"ఒరేయ్!" వంటింట్లోంచి కేక. "ఆ రేడియో సంగతి ఏం చేశాడో అడగరా మీ బావని!"

"నువ్వు ఇందులో తలదూర్చకమ్మా! ప్రాణాలతో చెలగాటం!" అని అరిచి బావ వైపు తిరిగాడు. "చూశావా, వదిలించుకోవాలని అమ్మకెంత తొందరో."

మెకానిక్కు మొహం ఇంకాస్త వాడిపోయింది. ఆరు కావస్తోంది. మూడోసారి సొమ్ము వచ్చింది. అతని వేలు 'స్వీకరించు' మీదికి వెళ్లింది.

"పోనీ తీసుకుంటానురా. వినకపోతే మానె, చేపల తొట్టి కన్నా నయం కదా."

"నొక్కావో, ఆ క్షణం నుంచి ముఠాలో మనిషివి!" డేగకన్ను ఫోను లాక్కుని వీరుడిలా రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక తీగచుట్ట ఉంది. కాలు అందులో ఇరుక్కుంది. మనిషి వెల్లకిలా పడ్డాడు, ఫోను అతని వీపు కింద పడి నొక్కుకుంది. నొక్కుకున్న చోట ఉన్నది 'తిరస్కరించు'.

వంటింట్లో టింగుమంది. వెంటనే ఒక గొంతు లేచింది.

"మళ్లీ వెనక్కి కొట్టాడు! ఈ మనిషికి డబ్బు చేదా?"

షాపులో ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. పంచదార డబ్బాలో దాచిన ఫోను చీరచెంగుతో తుడుచుకుంటూ అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. వాళ్ల మొహాలు చూశాక గానీ తను పైకే అరిచానని ఆవిడకి తెలియలేదు.

"అమ్మా! శ్రోతవి నువ్వా!" అన్నాడు డేగకన్ను కిందనుంచే.

"ఆ పేరు పెట్టిచ్చింది నువ్వేరా సన్నాసీ. ఫోన్లో కొనడం నేర్పిస్తానని కూర్చోబెట్టి!"

మెకానిక్కు తల దించుకున్నాడు. "నాతో ఒక్క మాట చెబితే సరిపోయేది కదండీ అత్తయ్యా."

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అంది ఆవిడ. పెళ్లయ్యాక అల్లుడితో నేరుగా మాట్లాడడం అదే మొదలు. "ఆయన కుర్చీ ఖాళీగా కనిపిస్తూ, ఆయన వినే పాటలు వినిపిస్తుంటే తట్టుకోలేక గోల అన్నాను. తీరా మీరు అమ్మేస్తున్నారని తెలిశాక నిద్రపడితే ఒట్టు."

అతని కళ్లు చెమర్చాయి. అయినా మొండివాడు మొండివాడే. "మామయ్య మాట ఒకటుందండీ. వినకుండా అమ్మకూడదు."

"కాపురానికొచ్చిన నాటినుంచీ విన్నాను కదా నాయనా. ఇంకెవరు వింటారు?"

మెకానిక్కు మీట తిప్పాడు. రేడియో కాసేపు గురగురలాడి పాట అందుకుంది. ఆవిడ వెళ్లి భర్త కుర్చీలో కూర్చుంది. ఆయన పోయాక దాన్లో ఎవరూ కూర్చోలేదు.

"నచ్చిందాండీ?" అన్నాడు అల్లుడు.

"కాస్త గరగర ఉంది."

"సరిచేస్తాను."

"అయితే తీసుకోండి" అని ఆవిడ ఫోను నొక్కింది. ఈసారి అతను 'స్వీకరించు' నొక్కాడు. గడియారాన్ని డేగకన్ను విప్పేశాడు కాబట్టి ఆరు కొట్టలేదు.

"కావాలనే పడ్డాను బావా" అన్నాడు డేగకన్ను తీగల్లోంచి కాలు లాక్కుంటూ. "నేరస్థుడి చేత నోరు జారించే పద్ధతి అది. సరే, పార్శిలు ఎక్కడికి పంపాలి?"

"ఎక్కడికీ వద్దు. ఆ బల్ల మీదే ఉండనీ" అంది తల్లి.

ఆ సాయంత్రమే వేలం సైటులో, కొన్నవాళ్లు అభిప్రాయం చెప్పే చోట, ఊరూవాడా చూసేలా శ్రోత ఇలా రాసింది: 'సరుకు మంచిది. అమ్మినాయన వట్టి మొండి. అల్లుడంటే ఇలా ఉండాలి.'