ఇంపోర్ట్ కాని పెళ్లి

ప్రతి ఇంట్లోనూ ఒక ఎర్రర్ మెసేజి ఉండాలి. పప్పూ ఉప్పూ లేకపోయినా ఎలాగో గడుస్తుంది గానీ, అది లేని కాపురం ఒక కాపురమేనా?

నవ్వకండి. వీడియోని డిస్కు మీదికి ఎక్కించే సాఫ్ట్‌వేరు ఒకటుంటుంది. ఫైలు దాని నోట్లో పెడితే నమిలి డిస్కు చేసి ఇవ్వాలి. మాది నమలదు. మూతి తిప్పుకుని "ఇంపోర్ట్ ఫెయిల్డ్" అని ఒక డబ్బా చూపిస్తుంది. కింద "ఓకే" అని బటను. పని చెడగొట్టి, పైగా మనచేతే సరే అనిపించుకుంటుంది! ఇంత మర్యాద మనుషుల్లో చూశారా?

సంగతి ఇది. మనవరాలి పెళ్లయింది. మా అక్క రాలేదు. తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. ఫోనులో చూడమంటే, "అగ్గిపెట్టెలో పెళ్లేమిట్రా, నేను చీమనా?" అంది. ఆవిడ మంచానికి ఎదురుగా టీవీ, దాని కింద పాత డిస్కు ప్లేయరు. డిస్కే కావాలి. డిస్కులు చేసిచ్చే షాపువాడు ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నాడు. పని నా నెత్తిన పడింది.

ముందు ఫైలుకి పేరు పెట్టాను. బతుకంతా షాపుల బోర్డులు రాసినవాణ్ణి. "చిన్నదాని పెళ్లి" అని శుభ్రంగా తెలుగులో కొట్టాను. డబ్బా వచ్చింది.

"దానికి తెలుగు రాదు మామయ్యా," అంది కోడలు.

"రాకపోతే నేర్చుకోమను. మూడో క్లాసుతో నేను ఇంగ్లీషు బోర్డులు రాయలేదూ?"

"దానికి మీ అంత తీరిక లేదు."

గమనించారా? అంతకుముందు మా మధ్య నడిచే మాటలు "కాఫీ ఇవ్వనా", "ఊఁ". అంతే. ఎర్రర్ పుణ్యమా అని కోడలు నన్ను దెప్పిపొడిచే దాకా వచ్చింది. ఇది అభివృద్ధి కాదా?

ఇంగ్లీషు పేరు పెట్టాను. ఈ రకం ఫైలు నాకు పడదంది. ఫైలు పేరు చివర చుక్క పెట్టి, అది ఏ రకమో చెప్పే అక్షరాలుంటాయి. నేను వాటిని చెరిపేసి, దానికి పడే రకం అక్షరాలు రాశాను. మా పనిలో అంతే. చెప్పుల షాపు మీద మందుల షాపని రాస్తే జనం మందులకే వస్తారు. ఈ మహాతల్లి మాత్రం లోపలికి తొంగిచూసింది. ఫైలు పాడైందంది.

కోడలు కుర్చీ లాక్కుని స్క్రీను ముందు కూర్చుంది.

"పిల్లికి పులి అని పేరు పెట్టారు మామయ్యా."

"పెడితే?"

"గాండ్రించమంటోంది."

ఎర్రర్ వల్ల ఇంకో లాభం. అది వచ్చినప్పుడల్లా వెళ్లి అక్కకి సంజాయిషీ చెప్పుకోవాలి. అంతకుముందు ఆ గడప తొక్కి ఎన్నాళ్లయిందో!

"పూటకో డబ్బా కథ చెబుతున్నావు," అంది అక్క. "నాకు చూపించకూడనిది ఏముందిరా అందులో?"

"ఏముంటుందే? అందరూ నిన్నే అడిగారు."

"పెళ్లికొడుకు తాతగారూ అడిగారా?"

"ఆయనే ముందు."

అక్క మొహం చేటంత అయింది. "అయితే ఆ మాటలు నా చెవులతో వినాలి. తొందరగా తీసుకురా."

చివరికి కోడలే పూనుకుంది. ఫైలు రకాన్ని నిజంగానే మార్చే సాఫ్ట్‌వేరు ఇంకోటి తెచ్చి మార్చింది. డబ్బా రాలేదు. బొమ్మ వచ్చింది. సౌండు రాలేదు.

"ఆడియో ఎక్కలేదంతే. చిటికెలో సరిచేస్తా," అంది.

"వద్దమ్మా."

కోడలు నా వంక చూసింది. అసలు ఫైలుని అంతకుముందే సౌండుతో సహా మొదట్నుంచి చివరిదాకా ఇద్దరం కలిసి విన్నాం, ఎక్కడ పాడైందోనని. కుర్చీలు చాలలేదన్నారు. ఏసీ చాలలేదన్నారు. పార్కింగు దొరకలేదన్నారు. "మీ అక్క ఏదీ?" అన్నవాళ్లు లేరు.

డిస్కు మీదికి ఎక్కించే బర్న్ బటను కోడలే నొక్కింది.

డిస్కు పెట్టాను. అక్క తలగడ ఎత్తు చేయించుకుని చూసింది.

"సౌండేదిరా?"

"ఎర్రర్ అక్కా. నేను చెబుతాగా."

"ఈవిడేమంటోంది?"

"నీ తుంటి ఎలా ఉందంటోంది."

"చెయ్యి ఊపుతున్నాడే, ఆ తాతగారు?"

"అక్కగారిని కుర్చీలోనైనా మోసుకు రాకపోయారా అంటున్నాడు."

అందుకే అంటున్నాను, ఎర్రర్లని తిట్టకండి. కంపెనీలవాళ్లు పొరపాటున కూడా వాటిని సరిచేయకుండా ఉండాలని నా కోరిక.

పెళ్లి అయిపోయింది. తెర నల్లబడింది. అక్క కళ్లు తుడుచుకుంది.

"ఇంతమంది అడిగారు. ఒక్కళ్లూ వచ్చి చూడలేదేంరా?"

ఆ మాటకి మాత్రం సౌండు బాగానే వచ్చింది.