నలభై చెంచాల నీళ్లు

ఎడారిలోని ఆ చమురు జిల్లా రాజధానిని హరిత నగరంగా ప్రకటిస్తూ గవర్నరు గారు ఉత్తర్వు జారీ చేశారు. చెట్లు తర్వాత వచ్చాయి. నాలుగు వేల మొక్కలు నాటి, ఒక్కోదానికి నంబరు బిళ్ల కట్టి, ఊరి నీళ్లన్నీ వాటికే మళ్లించారు.

"మొక్క మన బిడ్డ. బిడ్డ దాహంతో ఉంటే తల్లి గొంతు ఎలా తడుపుకుంటుంది?" అంటూ గవర్నరు గారు సీసాలోని చల్లటి నీళ్లు ఒక గుక్క తాగారు. జనం చప్పట్లు కొట్టారు.

బల్జాన్‌కు చప్పట్లు కొట్టే తీరిక లేదు. గురువారానికి మనవడికి నలభై రోజులు నిండుతాయి. నలభై చెంచాల నీళ్లు పోసి దీవించనిదే బిడ్డను గడప దాటించరు. కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రావడం లేదు. దుకాణాల్లోని సీసాలన్నీ హరిత నగరం చూడవచ్చే అతిథులకు కేటాయించారు. ఆమె చెంచా పట్టుకుని నీళ్ల ట్యాంకరుకు అడ్డం నిలబడింది.

"నలభై చెంచాలే నాయనా. బిందె కూడా తేలేదు చూడు."

"నంబరుందా అవ్వా?" అన్నాడు డ్రైవరు.

"పసిగుడ్డుకు నంబరేమిట్రా?"

"నంబరు లేందే చుక్క పోయకూడదు. మా ఇంట్లోనూ నీళ్లు లేవు, నేనేమైనా గోల చేస్తున్నానా?"

ఆమె తిన్నగా హరిత శాఖకు వెళ్లింది. గుమాస్తా కాగితం మీంచి తల ఎత్తలేదు.

"ఎత్తు?"

"మూరెడు."

"రకం?"

"వాళ్ల తాత పోలిక."

"చీడపీడలు?"

"అప్పుడప్పుడు కడుపునొప్పి."

గుమాస్తా అన్నీ రాసుకుని బిళ్ల ఇచ్చాడు. నంబరు 4001.

గురువారం ట్యాంకరు ఇంటి ముందే ఆగింది. చెంచా చెంచాకూ దీవిస్తూ బల్జాన్ ఏడ్చింది. సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది.

"అత్తయ్యా, బిళ్ల తీసేయనా?" అంది కోడలు జాన్‌సులూ.

"తీస్తే నీళ్లు ఆగిపోతాయే. వదులుగా కాలికి కట్టు."

నెల తర్వాత తనిఖీ జరిగింది. నాలుగు వేల మొక్కలూ నిలువునా ఎండిపోయాయి. 4001 మాత్రం కిలో బరువు పెరిగింది. పథకం జయప్రదమైందని గవర్నరు గారు పతకం అందుకున్నారు.

మర్నాడు హరిత శాఖ ముందు ఊరంతా బారులు తీరింది. ట్యాంకరు డ్రైవరూ వచ్చాడు. ఎవరు పండ్ల చెట్టో, ఎవరు నీడ చెట్టో తేలక అప్పటికే రెండు చోట్ల తోపులాట జరిగింది. కోడలికీ ఒక బిళ్ల తీసుకుందామని వచ్చిన బల్జాన్‌కు చిర్రెత్తుకొచ్చింది.

"ఇంతమందిమి ఉన్నాం. కుళాయి ఎందుకు రాదో వెళ్లి అడగొచ్చుగా?"

అందరూ ఆమెను వింతగా చూశారు. ముందు నిలబడ్డ బడి పంతులు వెనక్కి తిరిగి, అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాడు.

"ఊరుకో అవ్వా. చెట్లు ఎక్కడైనా నోరెత్తుతాయా?"